ఓఆర్ఎస్ ఇన్ఫోగ్రాఫిక్‌కి మేటర్ ఎలా తగ్గించాలి?

పిల్లల విరేచనాల మీద రెండు పేజీల మేటర్ ఉంది, ఆరోగ్య కేంద్రం గోడకి ఏ4 సైజులో ఒక్క ఇన్ఫోగ్రాఫిక్ చేయాలి, ఏది తీసెయ్యాలో తెలియడం లేదు అని అడిగారు. ముందు ఆ మేటర్ పక్కన పెట్టేయండి. పోస్టర్ చూసిన తల్లి ఇంటికెళ్లి ఏం చేయాలో మాత్రం రాసుకోండి: ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, చక్కెరల పొడి) ప్యాకెట్ నీళ్లలో కలపాలి, విరేచనం అయినప్పుడల్లా తాగించాలి, కలిపి 24 గంటలు దాటితే పారబోయాలి, జింక్ మాత్ర 14 రోజులు వేయాలి, ప్రమాదం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ ఐదింటికీ పనికిరాని వాక్యం ఎంత మంచిదైనా తీసేయండి. అతిసారం ఎందుకొస్తుందన్నది వేరే కరపత్రంలో చెప్పవచ్చు.

ఇక వాక్యాలు. ఆఫీసు తెలుగులో మేటర్ ఇలా వస్తుంది: "అతిసారంతో బాధపడుతున్న చిన్నారులకు ఓఆర్ఎస్ ద్రావణాన్ని తగు మోతాదులో తరచుగా అందించడం జరగాలి." ఇందులో తల్లికి కావలసిన 'ఎంత', 'ఎప్పుడు' రెండూ లేవు. దీన్ని ఇలా రాయండి:

విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్ఎస్ తాగించండి.
2 ఏళ్ల లోపు: పావు నుంచి అర గ్లాసు
2 ఏళ్లు దాటితే: అర నుంచి ఒక గ్లాసు

(గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు. ఆ కొలత బొమ్మ మీదే వేయండి.) 'తగు', 'తరచుగా', 'జరగాలి' లాంటి మాటలు ఎక్కడ కనబడినా అక్కడ ఒక అంకె దాక్కుని ఉందని అర్థం. ఆ అంకె బయటికి లాగితే వాక్యం దానంతటదే చిన్నదవుతుంది.

బొమ్మకీ మాటకీ పొత్తు కుదరకపోతే జనం బొమ్మనే నమ్ముతారు. "లీటరు నీళ్లలో" అని రాసి పక్కన గ్లాసు వేస్తే, పెద్ద ప్యాకెట్ మొత్తం గ్లాసులో కలిపేస్తారు. అంత చిక్కగా తాగితే ఒంట్లో ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. లీటరు సీసానే వేయండి. 200 మిల్లీలీటర్లలో కలిపే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి కాబట్టి మీ కేంద్రంలో ఏది ఇస్తున్నారో కనుక్కుని దాని బొమ్మే వాడండి.

'వద్దు'తో ముగిసే వాక్యాలు వీలైనంత తగ్గించండి. ఇరుకు డబ్బాలో "తల్లిపాలు ఆప" ఒక లైనులో, "వద్దు" కింది లైనులో పడితే హడావుడిగా చదివేవాళ్లకి అర్థం తిరగబడుతుంది. "తల్లిపాలు ఇస్తూనే ఉండండి" అంటే ఎక్కడ విరిగినా ఇబ్బంది లేదు. అలాగే "విరేచనాలు తగ్గినా జింక్ 14 రోజులూ వేయండి".

ప్రమాద లక్షణాలకి అడుగున వేరే రంగు డబ్బా ఇవ్వండి: మలంలో రక్తం, లోతుకు పోయిన కళ్లు, మగతగా పడి ఉండటం, ఏమీ తాగలేకపోవడం. ఒక్కొక్కటి రెండు మూడు మాటలే. ఆ పక్కనే 108 పెద్దగా.

మేటర్ పట్టడం లేదని లైన్ల మధ్య ఖాళీ మాత్రం తగ్గించకండి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, అవి ఒకదాన్నొకటి తగులుతాయి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచి, మాటలే తగ్గించండి.

ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్)లో చేస్తుంటే భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. డీటీపీలో వాడే పాతరకం అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చినప్పుడూ ఇదే బాధ. ప్రింట్‌కి ఇచ్చే ముందు పీడీఎఫ్ తెరిచి 'రక్తం', 'గ్లాసు', 'జింక్' లాంటి మాటలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకోండి.