నల్లగొండకు కాపురం వస్తున్న మేనల్లుడికి

అల్లుడూ, నీకు నల్లగొండ బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రోజూ హైదరాబాద్ నుంచి వచ్చిపోదామా, ఇల్లే మార్చేద్దామా అని ఊగిసలాడుతున్నావట. మార్చెయ్. పోను వంద కిలోమీటర్లు, రాను వంద. బ్యాంకులో ఉండే టెన్షన్ చాలదన్నట్టు పైనుంచి హైవే టెన్షన్ కూడా ఎందుకు నీకు?

మీ అమ్మకు అసలు భయం ట్రాన్స్‌ఫర్ గురించి కాదు. "వాడు ఆ కల్లు దేశంలో పడి తాగుడుకు అలవాటైతే ఎట్ల తమ్ముడూ" అంది. మా నాయన తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు దించి అమ్మిన పైసలతోనే మీ అమ్మా నేనూ చదువుకున్నాం, అట్లాంటిది మీ అమ్మే ఈ మాట అంటుంటే నాకు నవ్వొచ్చింది. కానీ భయపడటానికి కారణం లేకపోలేదు, ఫోన్‌లో తేలే ముచ్చట కూడా కాదు, అందుకే రాస్తున్నా.

ముందు ఇంటి సంగతి. రామగిరి వైపు చూసుకుంటావో, బొట్టుగూడ వైపు చూసుకుంటావో నీ ఇష్టం, బ్యాంకుకు నడిచి పోగలిగేంత దూరంలో దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకో. ఇల్లు చూపించేటప్పుడు ఓనర్ టైల్స్ చూపిస్తాడు, మాడ్యులర్ కిచెన్ చూపిస్తాడు, నువ్వు మాత్రం నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది అని అడుగు. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు సరే, తాగడానికీ వంటకీ వద్దు. మన జిల్లా ఫ్లోరైడ్ సంగతి నీకు కొత్త కాదు, మర్రిగూడ, మునుగోడు వైపు వంకర్లు పోయిన కాళ్లతో కూర్చున్న మనుషుల్ని చూసే ఉంటావు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కాచి చల్లారిస్తే పోతుందనుకునే చదువుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పోదు, నీళ్లు ఆవిరైపోయి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నల్లాలో కృష్ణ నీళ్లు వస్తాయి, అవే పట్టుకోండి. పాలపళ్లు ఊడాక వచ్చే పళ్లు నీ బిడ్డకు ఇంకా రాలేదు కదా, అవి చిగుళ్ల లోపల తయారయ్యేది ఈ వయసులోనే, ఇప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వచ్చే పళ్ల మీద మచ్చలు జన్మలో పోవు. ఈ ఒక్క విషయంలో బద్ధకించకు.

ఇక కల్లు. తాగాలా వద్దా అనేది నీ ఇష్టం, నేను తాగమనీ చెప్పను, మానమనీ చెప్పను. తాగితే మాత్రం చెట్టు తెలిసిన కల్లు తాగు. ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు అని అడిగితే జవాబు రాని కల్లు ఎవరు పోసినా ముట్టుకోవద్దు.

ఎందుకంటే లెక్క నువ్వే వేసుకో, బ్యాంకు మనిషివి. తాటిచెట్టు ఏడాది పొడుగునా కల్లు పారదు. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటికల్లు, వానలు పట్టుకున్నాక చెట్టు మీద పెద్దగా ఏం మిగలదు. మరి నిండు వానాకాలంలో కూడా కొన్ని దుకాణాల్లో సీసాలు వరసగా నిండుగా ఎట్లా ఉంటున్నాయి? చుట్టుపక్కల ఉన్న తాళ్లన్నీ కలిపి పిండినా అన్ని సీసాలు నిండవు. నీళ్లు, తీపికి శాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్ లేదా అల్ప్రాజోలం, డైజిపాం. ఈ అల్ప్రాజోలం డాక్టర్ చీటీ లేకుండా మెడికల్ షాపులో కూడా ఇవ్వకూడని మాత్ర, దాన్ని పొడి చేసి డ్రమ్ములో కలిపే మనిషికి కొలత ఎవరు చెప్పాలి? 2023లో మహబూబ్‌నగర్‌లో, 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. అందరూ కల్తీ చేస్తారని అనడం లేదు, నిఖార్సుగా అమ్మేవాళ్లూ ఉన్నారు, కాకపోతే సీసా చూసి ఎవరు ఎవరో చెప్పడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు.

ఇంకోటి, ఇది నీకంటే మా కోడలమ్మాయికి ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో పని చెయ్యడానికి వచ్చే ఆమె గానీ, ఎదురింట్లో సుతారి (తాపీ) పనిచేసే ఆయన గానీ, రోజూ ఆ మందు కల్లు తాగేవాళ్లయితే, వాళ్లకు మంచి చెప్తున్నామనుకుని "రేపటి నుంచి బంద్ చెయ్యి" అనకండి. దుకాణాలు బంద్ అయినప్పుడో, ఊరెళ్లినప్పుడో ఉన్నట్టుండి ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, మెడ ఒక పక్కకు గుంజుకుపోవడం, లేనివాళ్లు కనబడుతున్నట్టు మాట్లాడటం, ఫిట్స్ రావడం, ఇవన్నీ జరుగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదంటే ఒక సీసా తెచ్చి నోట్లో పోస్తారు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. డోసు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాల్సిన జబ్బు అది, తిట్టి మాన్పించేది కాదు.

మరి చెట్టు కల్లు ఎట్లా దొరుకుతుందంటావా, వాడిక, అంటే రోజూ మన వాటా మనకు పోసేటట్టు, కుదుర్చుకోవాలి. పానగల్లు అవతల మనకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు, నీకు మామ వరసే, ఇప్పటికీ చెట్టెక్కే తాడూ కట్టూ అయిన మోకు ముత్తాదుతో ఎక్కుతాడు. నువ్వొచ్చాక తీసుకెళ్తా. ఆయన దగ్గర కొన్ని పద్ధతులున్నాయి, గౌడ పిల్లవాణ్ణని చెప్పుకుంటే సరిపోదు, అవి తెలిసి ఉండాలి. మనిషి చెట్టు మీద ఉన్నప్పుడు చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ ముచ్చట పెట్టకు, మట్ట జారొచ్చు, కత్తి జారొచ్చు, అన్నిటికంటే ఆయన ధ్యాస చెదురుతుంది. గెలను పల్చగా చెక్కి లొట్టి (కల్లు కుండ) మార్చుకుని దిగేదాకా దూరంగా కూర్చో. ధర బేరమాడకు. కొమ్మలుండవు, పట్టు ఉండదు, అరవై డెబ్బై అడుగుల నిటారు కాండాన్ని పొద్దున సాయంత్రం ఎక్కి దిగే మనిషితో పది రూపాయల దగ్గర పంచాయితీ పెడితే రేపటి నుంచి నీ వాటా ఇంకొకరికి పోతుంది, పోవాలి కూడా. 2024లో సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బరువుగా ఉంది, ఎక్కడం ఆలస్యమవుతుందని ముసలివాళ్లు కొందరు పక్కన పెడుతున్నారు. నీ మామ దాన్ని మూలన పడేస్తే నువ్వు ఒక మాట చెప్పి చూడు, నేను చెప్తే వినడు.

లొట్టి దించగానే తాగితే తియ్యగా ఉంటుంది, గాలిలో ఉండే ఈస్టే దాన్ని పులియబెడుతుంది కాబట్టి గంట గంటకూ మారిపోతుంది, రెండు గంటలు గడిస్తే నాలుగు శాతం దాకా ఆల్కహాల్ చేరుతుంది, మరునాటికి పుల్లగా కొరకొరలాడుతుంది. కొత్తవాడివి, పొద్దుటి కల్లుతోనే ఆగు. తాటాకును దోనెలా మడిచి రెండు చేతుల్లో పట్టిస్తారు, దాన్నే రేక అంటారు, పైనుంచి పోస్తుంటే నోరు ఆనించి తాగాలి, చొక్కా మీద ఒలకకుండా తాగడం రావడానికి కొన్నాళ్లు పడుతుంది. మొదటి చుక్కలు దేవతకని నేల మీద సాక పోస్తారు, నువ్వూ పొయ్యి. పక్కన ఉడకబెట్టిన గుడాలు (గుగ్గిళ్లు) గానీ, వేయించిన పల్లీలు గానీ ఉంటే చాలు. ఆడవాళ్లు కూడా కూర్చుని తాగుతారు, అది చూసి అమ్మాయి ఆశ్చర్యపోవద్దు, మా అమ్మ కూడా తాగేది.

హైదరాబాద్ నుంచి నీ దోస్తులు వస్తారు, ఆదివారం కల్లు పార్టీ అంటారు, పోయేటప్పుడు ఐదు లీటర్ల క్యాన్ కారులో వేసుకుంటారు. మూత బిర్రుగా బిగించొద్దని చెప్పు. దారిలో అది పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ పుట్టి చిట్యాల దాటేలోపు క్యాన్ ఉబ్బి మూత ఎగిరిపోతుంది, ఆ వాసన సీట్లలోంచి నెల రోజులు పోదు. తాగినవాళ్లు స్టీరింగ్ ముట్టుకోవద్దు. కల్లే కదా సార్ అంటే పోలీసు నవ్వుతాడు గానీ మిషన్ వినదు, వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కల్లయినా విస్కీ అయినా కేసు ఒకటే, బ్యాంకు ఉద్యోగికి అది ఎంతవరకు పోతుందో నీకే తెలుసు.

తాగొద్దనుకుంటే "తాగను" అని ఒక్క ముక్కలో చెప్పు, కారణాలు మాత్రం చెప్పకు. డాక్టర్ వద్దన్నాడని చెప్పావంటే చిక్కుకున్నట్టే, కల్లు మందురా, కిడ్నీలో రాళ్లు కరుగుతాయి, షుగర్ తగ్గుతుంది, వేడి తీస్తుంది అని నీకే వైద్యం మొదలుపెడతారు. అవన్నీ నమ్మకు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, ఆ ఎండలో కల్లు తాగితే ఒంట్లో నీళ్లు ఇంకా పోతాయి. చలవకు ముంజలు తినండి. బత్తాయిలు మన దగ్గర పండినవే మార్కెట్లో కుప్పలు పోసి ఉంటాయి, తోట కాయ అడిగి తీసుకో, రసం తీస్తే తేడా తెలుస్తుంది. పాపకు చలికాలంలో గేగులు (తేగలు) ఉడకబెట్టి పెట్టండి, పీచు తియ్యడం అమ్మాయికి నేను చూపిస్తా.

సాయంత్రాలు ఏం చెయ్యాలి, మాల్ లేదు, ఏం లేదు అని అమ్మాయి అందట. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడవండి, అక్కడే ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా ఒకే చోట పడుతుంది. ఏ స్తంభం నీడో పాపను కనిపెట్టమను, ఓ గంట గడిచిపోతుంది. అమావాస్య రోజు మాత్రం నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కకండి, చెర్వుగట్టు గుడికి పోయే జనంతో అడుగు కదలదు.

స్థలం కొందామని ఇప్పటినుంచే అంటున్నావట. తొందరొద్దు, ఏడాది ఉండి చూడు. వెంచర్ వాళ్లు చూపించే ప్లాట్లలో తాళ్లున్నాయా, ఉంటే వాటిని ఎవరు గీస్తున్నారు అని అడుగు. ఎక్సైజ్ వాళ్ల అనుమతి లేకుండా కల్లు చెట్టు కొట్టకూడదు, కానీ రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి పడగొట్టిన చోట్లు నేను చూశాను, పొద్దున గీత కార్మికులు వచ్చి లొట్లు ఏరుకుంటుంటే చూడబుద్ధి కాలేదు. అట్లాంటి చోట నువ్వు ఇల్లు కట్టుకుంటే ఆ పానగల్లు మామ నీకు వాడిక పొయ్యడు, చెప్తున్నా.

మీ పాత కూలర్ అక్కడ ఎవరికీ ఇచ్చెయ్యకండి, మార్చి దాటితే ఇక్కడ కరెంటు లోడుకు ఏసీ మొరాయించినప్పుడు అదే దిక్కు. సామాను లారీ ఎక్కించే ముందు రోజు నాకు ఫోన్ చెయ్, దింపడానికి మనుషుల్ని మాట్లాడి పెడతా. మీ అమ్మను కూడా వెంట తీసుకురా. పైకి ఎన్ని అన్నా, ఈతకల్లు సీజన్లో వచ్చిందంటే రెండు రేకలు తాగనిదే వెనక్కి పోదు.

మీ మామ