ఐస్‌లాండ్ నడిమి అగ్నిపర్వతాల బీడులోకి సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొచ్చా?

అనంతపురం నుంచి నలుగురు స్నేహితులు ఆగస్టులో ఐస్‌లాండ్ పోతున్నామని, బండి బాడుగకు తీసుకుని దేశం మధ్యలోని బీడంతా చూడాలని ఉందని, లావా భయంతో మీ నాయన వద్దంటున్నాడని రాశారు. వెళ్ళొచ్చు. నాది కర్నూలు. ఆ దారుల్లో బండి నడిపాను, కాలినడకనా తిరిగాను. మీ నాయన భయపడటంలో తప్పులేదు. కాకపోతే భయపడాల్సింది లావాకు కాదు, నీళ్ళకు.

లావా సంగతి ముందు తేల్చేస్తాను. ఆ నడిమి ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. ఊర్లుండవు, చెట్లుండవు. భూమి కాస్త అదిరినా అక్కడి వాతావరణ శాఖ కనిపెట్టి చెప్తుంది, దారులు మూసేస్తారు. 2014 ఆగస్టు చివర్లో హోలుహ్రౌన్ దగ్గర నేల చీలి ఆరు నెలలు లావా పారింది. దాదాపు 85 చదరపు కిలోమీటర్లు కప్పేసింది. చీలకముందే ఆ చుట్టుపక్కల నుంచి జనాన్ని పంపించేశారు. హెక్లా అనే అగ్నిపర్వతం మాత్రం వేరు. 2000లో అది పేలేముందు భూమి కదలికలు తెలిసింది గంటా గంటన్నర ముందే. ఆ కొండ ఎక్కే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక నీళ్ళ సంగతి. మన సీమలో వంక పొంగాలంటే ఎక్కడో వాన పడాలి. మబ్బు లేకుంటే ధీమాగా దిగేస్తాం. అక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. చాలా ఏర్లలోకి నీళ్ళొచ్చేది మంచుగడ్డల కొండల నుంచి. ఎండ కాస్తే మంచు కరిగి ఏరు పొంగుతుంది. పొద్దున మోకాలి లోతున్న ఏరు సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్న వెచ్చటి రోజు మనకు హాయిగా ఉంటుంది గానీ ఆ రోజే ఏరు ఎక్కువ ప్రమాదం. వాన పడినా పొంగుతుంది, అది వేరే. అందుకే పెద్ద ఏర్లన్నీ పొద్దున్నే దాటేలా ప్రయాణం పెట్టుకోండి. సాయంత్రం ఏటి గట్టుకు చేరితే అక్కడే రాత్రి గడిపేందుకు గుడారం, తిండి బండిలో ఉండాలి.

పేరు ముందు ఎఫ్ అక్షరం ఉన్న దారులకు నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలని అక్కడ చట్టమే ఉంది. చాలాచోట్ల వంతెనలుండవు, ఏట్లో దిగి పోవాల్సిందే. దిగేముందు బండి ఆపండి. ఇంకో బండి వస్తుంటే అది ఎట్లా దాటుతుందో చూడండి. ఎవరూ రాకుంటే ఏరు వెడల్పుగా పరుచుకున్న చోటు వెతకండి, అక్కడ లోతు తక్కువ. ఇరుకుగా, నున్నగా పారే చోటే లోతెక్కువ. నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటాయి, అడుగు కనబడదు. కాలినడకన దిగడానికి భయమేసే చోట బండినీ దించకూడదు. దిగాక చిన్న గేరులో, నీళ్ళు పారే వైపుకు కొంచెం ఏటవాలుగా, ఆగకుండా, గేరు మార్చకుండా పోవాలి. ఇంజనులోకి నీళ్ళు పోతే బండి అక్కడే నిలిచిపోతుంది. ఏట్లో జరిగిన నష్టానికి బాడుగ బండ్ల బీమా మామూలుగా వర్తించదు, ఇంజను ఖర్చు మొత్తం మీ మీదే పడుతుంది. థోర్స్‌మోర్క్ అనే లోయ దగ్గరి క్రోస్సా ఏట్లో బండ్లు చిక్కుకోవడం ఎప్పుడూ ఉండేదే. అక్కడికి బస్సులో పోండి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఊర్లోనే ఉన్నాను. నీళ్ళ బలం కళ్ళారా చూశాను గనకే ఇంత గట్టిగా చెప్తున్నాను. నలుగురిలో ఒక్కరు వద్దన్నా వెనక్కి తిప్పండి.

తర్వాతది గాలి. బండి తలుపు తెరిచేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోవాలి, లేకుంటే గాలి వెనక్కి విరిచేస్తుంది. నల్ల ఇసుక లేచిందంటే బండి రంగు గీసుకుపోతుంది. ఆగస్టైనా మంచు పడొచ్చు. లాండ్‌మన్నలౌగర్ అనే చోటు నుంచి థోర్స్‌మోర్క్ దాకా 55 కిలోమీటర్ల నడకదారి ఉంది. 2004 జూన్‌లో ఆ దారిలో ఒక యువకుడు మంచు తుఫానులో చిక్కుకుని, బస గుడిసె దగ్గర్లోనే ఉండగా చనిపోయాడు. అక్కడ రాళ్ళు పేర్చి గుర్తుగా ఉంచారు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. వేసవి అని నమ్మి పల్చటి బట్టలతో పోకండి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఉన్నివి తీసుకెళ్ళండి. ప్రయాణ వివరాలు సేఫ్‌ట్రావెల్ అనే అక్కడి ప్రయాణ భద్రత సైటులో రాసిపెట్టండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి. కాపాడటానికి వచ్చేవాళ్ళు స్వచ్ఛంద సేవకులు, తమ పనులు మానుకుని మన కోసం వస్తారు. అది మనసులో పెట్టుకోండి.

దారి వదిలి బండి నడపడం అక్కడ నేరం. నాచు మీద పడిన చక్రాల గుర్తు మానడానికి దశాబ్దాలు పడుతుంది. ఫోటో కోసం కూడా దిగొద్దు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. పోయే ముందు ఒక ఆదివారం జ్వాలాపురం చూసి రండి. బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో ఉంది, ఇప్పుడు నంద్యాల జిల్లా. సుమారు 74,000 ఏళ్ళ కింద ఇండోనేషియాలోని సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే, రెండున్నర వేల కిలోమీటర్లు దాటి ఆ బూడిద అక్కడికొచ్చి పడింది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన కనబడుతుంది. ఆ పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయని పరిశోధకులు 2007లో ప్రకటించారు. అంత బూడిద కురిసినా మన లోయలో మనుషులు నిలిచి ఉన్నారన్నది వాళ్ళ వాదన. ఆ తెల్లటి పొడిని వేళ్ళతో నలిపి చూశాక ఐస్‌లాండ్ నడిమి ప్రాంతంలోని ఆస్క్యా అగ్నిపర్వతానికి పోతే అక్కడి నేల వేరుగా కనబడుతుంది. 1875లో ఆస్క్యా బూడిద తూర్పు ప్రాంతంలో పచ్చికను కప్పేసింది. పశువులకు మేత కరువై చాలా కుటుంబాలు ఉత్తర అమెరికాకు వలస పోయాయి. మేత కరువు, వలస అంటే ఏమిటో అనంతపురం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 1965, 1967లో చంద్రుడి మీదికి పంపబోయే వ్యోమగాములకు రాళ్ళ పాఠాలు చెప్పిందీ ఆస్క్యా దగ్గరే.

తొలిసారి గనక మీరు నడపాల్సిన దారి ఒక్కటే: ఉత్తరం వైపు నుంచి ఎఫ్ 208, లాండ్‌మన్నలౌగర్ దాకా. చివర్లో బస ముందు ఏరు వస్తుంది. బండి ఇవతలే ఆపి నడక వంతెన మీద అవతలికి పోవచ్చు. వేడినీళ్ళ మడుగు, ఎరుపూ పచ్చా కలిసిన కొండలు, నల్ల గాజురాయి మెరిసే లావా బీడు, అన్నీ అక్కడే. ఆస్క్యాకు మీవట్న్ సరస్సు దగ్గర నుంచి పెద్ద చక్రాల బండ్లలో తీసుకెళ్ళేవాళ్ళున్నారు, వాళ్ళతో పోండి. లోపల పెట్రోలు దొరకదు, మలుపు తిరిగేముందే ట్యాంకు నింపుకోండి. రొట్టెలు, బుడ్డల పొడి, పప్పుండలు బండిలో పెట్టుకోండి. బండి బుక్ చేసేముందు ఎఫ్ దారుల్లో నడపడానికి అనుమతి ఉందో లేదో బాడుగ వాళ్ళ చేత రాతపూర్వకంగా తీసుకోండి.