2013 మోడల్ బండికి లక్ష రూపాయల ఫ్రిజ్ అవసరమా?

ప్రశ్న: నమస్కారం సార్. మేము హనుమకొండలో ఉంటాం. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. ట్రావెలర్ వ్యాన్‌ను మార్చి తయారు చేసిన 2013 మోడల్ కారవాన్‌ను హైదరాబాద్‌లో పాతది కొన్నాం. సొంత వాడకానికే. లక్నవరం, రామప్ప, బొగత, కాళేశ్వరం, అటు కుంటాల దాకా తిరుగుతూ ఏడాదికి దాదాపు 40 రాత్రులు అందులో గడుపుతాం. అందులో గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే విదేశీ ఫ్రిజ్ ఉంది. నిరుడు 6,500 పెట్టి బాగు చేయించాం. ఈ ఎండాకాలం మళ్లీ చల్లబడటం మానేసింది. నా భార్య ఇన్సులిన్ వాడుతుంది, అదీ నా దిగులు. 9,000 ఇస్తే గ్యాస్ నింపి హీటర్ మారుస్తానని మెకానిక్ అంటున్నాడు, గ్యారంటీ మాత్రం ఇవ్వడట. అలాంటిదే కొత్తది తెప్పిస్తే 1,15,000. బ్యాటరీతో నడిచే, గూట్లో బిగించే ఫ్రిజ్ 58,000, దానికి లిథియం బ్యాటరీ, సోలార్ కలిపి ఇంకో 62,000. ఇంట్లో వాడే ఫ్రిజ్ 17,000కు కొని ఇన్వర్టర్ మీద నడుపుదామని మా అబ్బాయి అంటాడు. కాదంటే ఖరీదైనదే వడ్డీ లేని ఈఎంఐలో తీసుకుందామంటాడు. సేవింగ్స్ ఖాతాలో 1,40,000 ఉంది. సీనియర్ సిటిజన్స్ పథకంలో 15 లక్షలు వేసి రెండేళ్లు దాటింది. అందులోంచి కొంత తీయవచ్చా? కారవాన్‌లో లైట్లకు, ఫ్యాన్లకు 150 ఆంపియర్ అవర్ల ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి ఉంది.

జవాబు: ఆ 9,000 మెకానిక్‌కు ఇవ్వకండి. సీనియర్ సిటిజన్స్ ఖాతాను ముట్టుకోకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీరు జవాబు చదివేలోపే ఎవరైనా తొందర పెట్టవచ్చు.

మెకానిక్ మాట ఎందుకు వద్దంటున్నానో చూడండి. మీ దగ్గరున్న ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ మూడింటినీ గొట్టాల్లో పెట్టి ఫ్యాక్టరీలోనే సీలు వేస్తారు. కింద గ్యాస్ మంటో, కరెంటు హీటరో వేడి చేస్తే అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, అక్కడ చల్లబడి ద్రవమవుతుంది, హైడ్రోజన్ ఉన్న చోట మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేస్తుంది. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు, వాన్ ప్లాటెన్, ముంటర్స్, రూపొందించిన పద్ధతి ఇది. ఇంటి ఫ్రిజ్‌కు నింపే గ్యాస్‌కూ దీనికీ సంబంధమే లేదు. మన వీధి చివరి దుకాణంలో దీన్ని తెరిచి నింపడం కుదరదు. అలా నింపుతానన్న మనిషి మోసగాడని నేననను, ఈ రకం ఫ్రిజ్ అతని చేతికి ఎప్పుడూ వచ్చి ఉండదు, అంతే. కానీ నష్టపోయేది మీ డబ్బే.

డబ్బు ఖర్చు కాకుండా మీరే ఒక పరీక్ష చేయవచ్చు. కారవాన్‌ను ఇంటి ముందు సమంగా ఉన్న నేల మీద ఆపండి. ఈ ఫ్రిజ్ ఒక పక్కకు ఒరిగితే పనిచేయదు, కాబట్టి ఇది ముఖ్యం. గ్యాస్ కట్టేసి, ఇంటి ప్లగ్ నుంచి 230 వోల్టుల కరెంటు ఇచ్చి, లోపల గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి నీళ్లు బాగా చల్లబడి ఉంటే కూలింగ్ యూనిట్, అంటే ఆ సీలు వేసిన గొట్టాల భాగం, బతికే ఉంది. తప్పు గ్యాస్ వైపు ఉంది: బర్నర్‌లో మసి, జెట్‌లో దుమ్ము, పొగగొట్టంలో సాలీడు గూడు లాంటివి. కారవాన్ నెలల తరబడి కదలకుండా ఉంటే ఇవి మామూలే. శుభ్రం చేయిస్తే చాలు, కొత్త ఫ్రిజ్ మాటే అక్కర్లేదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కూడా చూడండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేస్తే ఆ రబ్బరు మార్చాలి.

హీటర్ వేడెక్కుతున్నా, రాత్రంతా నడిచినా నీళ్లు చల్లబడకపోతే కూలింగ్ యూనిట్ అయిపోయినట్టే. వెనక గొట్టాల మీద పసుపు రంగు పొడి కనిపించినా, ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినా ఇంకేమీ పరీక్షించనక్కర్లేదు. వెంటనే కట్టేసి, కిటికీలు తెరిచి ఉంచండి. ఆ పసుపు, గొట్టాలు తుప్పు పట్టకుండా ద్రవంలో కలిపే సోడియం క్రోమేట్ ఉప్పుది. అది విషం, చేత్తో తుడవకండి.

అయిపోయిందనే అనుకుని ముందుకు వెళ్దాం.

అలాంటిదే కొత్తది 1,15,000కు తెప్పించుకోవడం మీ నాలుగు దారుల్లో నాకు అన్నిటికన్నా నచ్చనిది. కారణం ధర ఒక్కటే కాదు. ఫ్రిజ్ లోపల అంటించిన రేకు మీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఎస్‌ఎన్, ఎన్ అని ఉంటే బయట 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అని ఉంటే 38 వరకు, టీ అని ఉంటే 43 వరకు పనిచేసేలా తయారైందని అర్థం. చల్లని దేశాల కారవాన్ల కోసం చేసిన వాటిలో ఎస్‌ఎన్ రాసినవి చాలా ఉంటాయి. మన వరంగల్‌లో మే నెల ఎలా ఉంటుందో, రామగుండం, మంథని వైపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఎండలో నిలబెట్టిన వ్యాన్ లోపల ఇంకా ఎక్కువ. బహుశా మీ ఫ్రిజ్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా ఎండాకాలం తడబడే ఉంటుంది. అదే రకానికి లక్ష పోసి అదే ఇబ్బందిని మళ్లీ కొనుక్కోవద్దు.

ఇక మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక అంకె నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది: 2013 మోడల్. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. అంటే మీ ఆర్‌సీ 2028లో ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అప్పటికి ఇంజిన్, బ్రేకులు, బాడీ తుప్పు, టైర్లు అన్నీ చూడాలి. ఆ రోజు మీరు బండి ఉంచుకుంటారో, అమ్ముతారో ఇప్పుడే తెలియదు. అమ్మితే కొనేవాడు ఇంజిన్ చూసి ధర కడతాడు. గూట్లో బిగించిన 1,20,000 రూపాయల ఫ్రిజ్, బ్యాటరీలకు అతను విడిగా పైసా కట్టడు.

అందుకే లెక్క ఇలా వేయండి. 2028లోగా మీరు ఇంకో 100 రాత్రులు కారవాన్‌లో గడుపుతారనుకుందాం. 1,15,000 ఫ్రిజ్ అయితే ఒక్కో రాత్రికి 1,150 రూపాయలు చల్లదనానికే. బ్యాటరీ, సోలార్‌తో బిగించే ఫ్రిజ్ అయితే 1,200. ఇది చాలా ఎక్కువ. గ్యాస్ ఆదా అవుతుందనే లెక్క కూడా ఇక్కడ నిలబడదు. మీ పాతదాని లాంటి చిన్న ఫ్రిజ్ రోజుకు 300 గ్రాముల అటూ ఇటూగా గ్యాస్ తాగుతుంది. 40 రాత్రులకు 12 కిలోలు. గ్యాస్ ఖర్చు తప్పించుకోవడానికి లక్ష పెట్టడం కుదరని బేరం.

నా సలహా, గూట్లో బిగించేది కాకుండా చేత్తో ఎత్తుకెళ్లగలిగే 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. పైకి తెరిచే పెట్టెలా ఉంటుంది, తలుపు తీసినప్పుడు చల్లగాలి కిందికి జారిపోదు. ఇద్దరికి పాలు, పెరుగు, కూరగాయలు, మందులు సరిపోతాయి. మంచి కంపెనీది 40,000 అనుకోండి. 100 రాత్రులకు పంచితే రాత్రికి 400. కారవాన్ అమ్మేసినా ఇది మీతోనే ఉంటుంది. కారులో పెట్టుకోవచ్చు, ఇంట్లో కరెంటు పోయిన రోజు ఇన్సులిన్‌కు ఆధారమవుతుంది, వద్దనుకుంటే విడిగా అమ్ముకోవచ్చు. బండితో పాటు విలువ కరిగిపోని వస్తువు ఇదొక్కటే.

దీనికి మీ పాత బ్యాటరీ చాలా వరకు సరిపోతుంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎండాకాలంలో రోజుకు పది గంటలు నడిస్తే 450 వాట్ అవర్లు, అంటే 12 వోల్టుల మీద 37, 38 ఆంపియర్ అవర్లు. ఫ్యాన్లు, లైట్లకు ఇంకో 20, 25. ట్యూబ్యులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక మీ 150లో వాడుకోగలిగింది 75. ఒక రోజుకు సరిపోయింది. మర్నాడు బండి నాలుగు గంటలు నడిస్తే, లేదా ఆగిన చోట ప్లగ్ దొరికితే మళ్లీ చాలా వరకు నిండుతుంది. లక్నవరం ఒడ్డున రెండు మూడు రాత్రులు కదలకుండా ఉండాలంటే మాత్రం సరిపోదు. అప్పుడు పైకప్పు మీద 200 వాట్ల ప్యానెల్ ఒకటి పెట్టించండి. మన ఎండలో నష్టాలు పోను రోజుకు 600 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. కానీ దాన్ని ఇప్పుడే కొనకండి. ముందు ఫ్రిజ్ ఒక్కటే కొని, ఒక ఎండాకాలం వాడి చూసి, నిజంగా తక్కువైతేనే కొనండి. లిథియం బ్యాటరీ ప్రస్తుతానికి అవసరం లేదు. ఫ్రిజ్‌ను ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి ఎప్పుడూ కలపవద్దని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. అడవి దారిలో తెల్లవారి బండి స్టార్ట్ కాకపోతే ఆ టోయింగ్ ఖర్చు మీ మీదే పడుతుంది.

మీ అబ్బాయి చెప్పిన ఇంటి ఫ్రిజ్ ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. కదలకుండా ఒకచోట ప్లగ్ పెట్టుకుని ఉండే కారవాన్లకు అదే చవక. మీరు తిరిగేవారు. ఏటూరునాగారం దాటాక లోపలి రోడ్ల కుదుపులకు దాని తలుపు, అరలు, గొట్టాలు నిలవవు. స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక పెద్ద ఇన్వర్టర్ కావాలి. ఆ ఇన్వర్టర్ ఏమీ చేయకుండా ఆన్‌లో ఉన్నా రోజంతా బ్యాటరీని కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది. వారంటీ కార్డు కూడా చదవండి, వాహనంలో బిగిస్తే వర్తిస్తుందో లేదో.

ఇన్సులిన్ గురించి విడిగా చెప్పాలి. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కడితే పనికిరావు. ఏ ఫ్రిజ్ కొన్నా దాని మీదే పూర్తిగా ఆధారపడకండి. ప్రయాణానికి కావలసినంతే తీసుకెళ్లండి, మిగతాది ఇంట్లోనే ఉంచండి. నీళ్లలో తడిపి వాడే చల్లని సంచీ ఒకటి మందుల దుకాణంలో దొరుకుతుంది, అది ఎప్పుడూ వెంట ఉండాలి. పెట్టె ఫ్రిజ్‌లో గోడకు ఆనించి పెట్టకండి, అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంది. వాడుతున్న పెన్ను బయట ఎన్ని రోజులు ఉండవచ్చో, ఎంత వేడి వరకు తట్టుకుంటుందో మీ డాక్టరును అడిగి ఆ ఇన్సులిన్ రకానికి తగ్గట్టు పాటించండి. దీనికి పెట్టే కొద్దిపాటి డబ్బు విషయంలో నేను లెక్కలు అడగను.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి. సీనియర్ సిటిజన్స్ ఖాతాలోంచి కొంత తీయడమనేది ఉండదు, తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు దాటాక, గడువుకు ముందు మూస్తే అసలులో 1 శాతం కోత. మీ 15 లక్షల మీద 15,000. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీ చేతికి 30,750 వస్తోంది. బొగ్గు గని పెన్షన్‌తో పాటు మీ ఇల్లు నడిపేది అదే.

వడ్డీ లేని ఈఎంఐ అనే మాటను కూడా నమ్మకండి. వడ్డీ లేని అప్పు ఉండదని రిజర్వ్ బ్యాంకే 2013లో బ్యాంకులకు చెప్పింది. నగదుకు ఇచ్చే తగ్గింపు పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే బిల్లులో కనిపించే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. దుకాణంలో "నగదు ఇస్తే ఎంతకు ఇస్తారు?" అని ముందు అడగండి, ఆ తర్వాత ఈఎంఐ మొత్తం ఎంతవుతుందో రాయించుకోండి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది.

సేవింగ్స్‌లోని 1,40,000లోంచి 40,000 తీసి కొనేయండి. ఆసుపత్రి లాంటి అత్యవసరాలకు లక్ష మిగులుతుంది, అంతకు తగ్గనివ్వకండి. ప్రతి వడ్డీ వచ్చినప్పుడు 10,000 చొప్పున నాలుగు విడతల్లో ఆ గుంట పూడ్చేయండి. ప్యానెల్ అవసరమైతే అది పూడిన తర్వాతే. నిరుడు పెట్టిన 6,500 ఎలాగూ పోయింది, దాన్ని నిలబెట్టుకోవాలని పాతదాని మీద ఇంకో రూపాయి పెట్టకండి.

పాత ఫ్రిజ్‌ను తీయించేటప్పుడు దానికి వెళ్లే గ్యాస్ పైపును తెలిసిన గ్యాస్ మెకానిక్ చేత బిరడా వేయించి, సబ్బు నీళ్లతో లీకు చూపించమనండి. బయటి గోడకున్న గాలి జాలీలు మూయించండి, లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలికి వస్తాయి. తీసిన ఫ్రిజ్‌ను గొట్టాలు కోయకుండా, అలాగే, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. తలుపు, బర్నర్, థర్మోస్టాట్ బాగుంటే ఇలాంటి ఫ్రిజ్ ఉన్న కారవాన్ యజమానులు విడి భాగాలుగా కొంటారు, పారేసే ముందు ఒకసారి అడిగి చూడండి.