సీ లాంగ్వేజ్‌లో పేరు, మార్కులు లాంటి వివరాల్ని ఒకేచోట ఉంచే స్ట్రక్చర్‌లో మార్కులకి = పనిచేస్తుంది, పేరుకి ఎందుకు పనిచేయదు?

పేరు అనే మెంబర్ (స్ట్రక్చర్ లోపలి భాగం) క్యారెక్టర్ అర్రే, అంటే అక్షరాల వరస, కాబట్టి పనిచేయదు, సీలో అర్రేకి = తో విలువ ఇవ్వడం కుదరదు. మార్కులు ఒక్క ఇంట్ (పూర్ణసంఖ్య), అందుకే ఎస్1 అనే స్ట్రక్చర్ వేరియబుల్‌కి ఎస్1.మార్కులు = 78 అని చుక్క పెట్టి రాస్తే నేరుగా వెళ్లి కూర్చుంటుంది. పేరు అలా కాదు, వరసగా ఉన్న 20 గళ్లు; ఇంగ్లీషులో రాజు అని పెట్టాలంటే నాలుగు అక్షరాలు, చివర ముగింపు గుర్తుగా సున్నా విలువ, మొత్తం 5 గళ్లు నింపాలి, ఆ పని ఎస్‌టీఆర్‌సీపీవై (strcpy) ఫంక్షన్ చేస్తుంది. "డిక్లేర్ చేసేటప్పుడు = తోనే ఇచ్చాను, ఒప్పుకుంది కదా" అంటారు చాలామంది. అది ఇనీషియలైజేషన్ (డిక్లేర్ చేస్తూనే ఇచ్చే తొలి విలువ), అసైన్‌మెంట్ (తర్వాత విలువ ఇవ్వడం) కాదు. గుర్తు ఒకటే, రూల్ వేరు. తమాషా ఏంటంటే అదే రకం మరో వేరియబుల్ ఎస్2 ఉంటే, ఎస్2 = ఎస్1 అని స్ట్రక్చర్ మొత్తాన్ని రాస్తే మాత్రం లోపలి పేరు అర్రేతో సహా నిక్షేపంగా కాపీ అయిపోతుంది.