విజయ్ హజారే ట్రోఫీని నమ్ముకుని చదువు మానవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు, ఓపెనర్‌గా బ్యాటింగ్ చేస్తాడు. విజయ్ హజారే ట్రోఫీ ఆడితే జీవితం స్థిరపడుతుందని, చదువు మానేస్తానని పట్టుబడుతున్నాడు. ఆ పోటీకి నిజంగా అంత విలువ ఉందా?

జవాబు: విలువ ఉంది. అయితే మీ అబ్బాయి అనుకుంటున్న రూపంలో లేదు. విజయ్ హజారే ట్రోఫీ అంటే రాష్ట్ర స్థాయి జట్లు ఆడే జాతీయ వన్డే పోటీ. 1993-94లో రంజీ ట్రోఫీ ఆడే జట్ల మధ్య ఈ పోటీ మొదలైనప్పుడు అది జోన్ల వరకే పరిమితం కాబట్టి, మన ఆంధ్ర జట్టు తమిళనాడు, కర్ణాటక, హైదరాబాద్, కేరళ, గోవాలతో దక్షిణ జోన్‌లో తలపడేది. జాతీయ విజేత అంటూ ఎవరూ ఉండేవారు కాదు. 2002-03లో జాతీయ స్థాయి పోటీగా మారగా తొలి టైటిల్ తమిళనాడుకు దక్కింది. 1952లో మద్రాసులో భారత్‌కు తొలి టెస్టు విజయం అందించిన కెప్టెన్ విజయ్ హజారే పేరు ఈ పోటీకి ఆ తరువాత పెట్టారు.

మీకు పనికివచ్చే మార్పు 2018లో జరిగింది. బిహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరితో పాటు ఈశాన్య రాష్ట్రాలకు కలిపి ఆ ఏడాది తొమ్మిది కొత్త జట్లకు చోటు దొరికింది. 2021-22లో హిమాచల్ ప్రదేశ్ ఫైనల్లో తమిళనాడును ఓడించి టైటిల్ గెలిచింది. చిన్న ఊళ్ల పిల్లలకు ఈ పోటీ ఇచ్చిన ధైర్యం నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది. ఆంధ్ర 2017-18లో సెమీఫైనల్ చేరింది కానీ, టైటిల్ ఇంకా గెలవలేదు.

ఇక జీవనోపాధి మాట. 2021లో బీసీసీఐ సవరించిన ప్రకారం తుది జట్టులో ఆడిన సీనియర్ ఆటగాడికి అనుభవాన్ని బట్టి రోజుకు 40,000 నుంచి 60,000 రూపాయలు వస్తాయి. వన్డే మ్యాచ్ అంటే ఒక రోజు ఆటే, లీగ్ దశలో జట్టుకు దక్కేవి ఆరేడు మ్యాచ్‌లే కనుక, కొత్తగా వచ్చినవాడు అన్నీ ఆడినా ఈ పోటీ నుంచి వచ్చేది మూడు లక్షల లోపే. 38 జట్లలో, జట్టుకు పదకొండు మంది చొప్పున, ఒక విడత మ్యాచ్‌లలో మైదానంలోకి దిగేది 418 మంది మాత్రమే. ఆ సంఖ్యను నమ్ముకుని ఇంటర్ వదిలేయమని నేను చెప్పలేను. రైల్వే శాఖ, సైనిక దళాల తరఫున రైల్వేస్, సర్వీసెస్ జట్లు కూడా ఈ పోటీలో ఆడతాయి. అయితే అలాంటి చోట్ల ఆటగాళ్లకు ఇచ్చే క్రీడా కోటా ఉద్యోగాలకు సైతం చదువు అర్హత తప్పనిసరి.

మీరు చూడవలసింది టెన్నిస్ బంతి టోర్నమెంట్ల కప్పులను కాదు, జిల్లా జట్టు వన్డే మ్యాచ్‌ల స్కోరు పుస్తకాన్ని. 11వ ఓవర్ నుంచి 40వ ఓవర్ వరకు మైదానంలో గీసిన లోపలి వలయం బయట నలుగురు ఫీల్డర్లకే అనుమతి ఉంటుంది. ఆ ముప్పై ఓవర్లలో స్పిన్నర్ల మీద అతడు ఒకటి, రెండు పరుగులు తీస్తూ నిలబడ్డాడా, లేక చుక్క బంతులు (పరుగు రాని బంతులు) పేరుకుపోయి అసహనంతో అవుటయ్యాడా అన్నది ఆ పేజీలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పేజీలను జిల్లా కోచ్‌కు చూపించి, అండర్-19 వన్డే పోటీ అయిన వినూ మన్కడ్ ట్రోఫీకి ఆంధ్ర ఎంపికల దాకా వెళ్లగలడా అని అడగండి.

రెండేళ్లు సమయం ఇవ్వండి. ఇంటర్ పూర్తి చేయనివ్వండి, వేసవిలో జిల్లా ఎంపికలకు పంపండి. జనన ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల పత్రం, ఆధార్‌లలో పుట్టిన తేదీ ఒకేలా ఉందో లేదో ఈ వారంలోనే సరిచూసుకోండి. వయసు విభాగపు ఎంపికల్లో ముందుగా చూసేది వాటినే.