చిన్న దేశాలకు సాయం: ఎవరి అవసరం ముందు?

మన దగ్గరే ఇంత పేదరికం ఉండగా భూటాన్, మాల్దీవుల వంటి చిన్న దేశాలకు డబ్బు ఎందుకు ఇస్తారు, ఎవరికి ఎంత అన్నది ప్రభుత్వాలు దేన్నిబట్టి తేలుస్తాయి అని మీరు అడిగారు. హైదరాబాద్‌లో విదేశీ అధికారులకు శిక్షణనిచ్చే ఒక సంస్థలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన అనుభవంతో నేననేది ఒక్కటే: పుచ్చుకునేవారి అవసరం కంటే ఇచ్చేవారి అవసరమే ముందు లెక్కకు వస్తుంది.

మన విదేశాంగ శాఖ సాయంలో అందరికంటే ఎక్కువ వాటా, సుమారు ఎనిమిది లక్షల జనాభా ఉన్న భూటాన్‌ది; 2025-26 బడ్జెట్‌లో అది 2,150 కోట్ల రూపాయలు. ఆ దేశానికి అటువైపు చైనా ఉంది. పైగా 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ కేంద్రాన్ని 60 శాతం గ్రాంటుతో (తిరిగి కట్టనక్కర్లేని సొమ్ముతో), 40 శాతం అప్పుతో కట్టించిన మనమే అక్కడి మిగులు కరెంటు కొంటున్నాం. మాల్దీవులకు 2024-25 బడ్జెట్‌లో 400 కోట్లు చూపి, మరుసటి ఏడాది 600 కోట్లు చేశారు. అక్కడి పేదరికం ఏడాదిలో ఒకటిన్నర రెట్లు పెరగలేదు. చెడిన సంబంధాలు 2024 అక్టోబరులో అధ్యక్షుడు ముయిజ్జూ ఢిల్లీ వచ్చాక కుదుటపడ్డాయి, అంతే. ధనిక దేశాలదీ ఇదే దారి. పాత వలస పాలన నాటి సంబంధాలు, ఐక్యరాజ్యసమితిలో ఓట్లు సాయాన్ని ఎంతగా నడిపిస్తాయో ఆర్థికవేత్తలు అల్బెర్టో అలెసీనా, డేవిడ్ డాలర్ 2000 సంవత్సరంలోనే చూపించారు.

మన ప్రభుత్వం 1964లో ప్రారంభించిన, విదేశీ అధికారులకు ఇక్కడ శిక్షణనిచ్చే ఐటెక్ పథకం కింద వచ్చిన ఒక బృందాన్ని, తమ కార్యాలయాల్లో ఉన్న విదేశీ సాయపు పరికరాల జాబితా రాసుకురమ్మన్నాను. పసిఫిక్ ద్వీప దేశం నుంచి వచ్చిన ఒక ఆరోగ్య శాఖ అధికారిణి మూడు గడులు గీసి తెచ్చారు: వస్తువు, ఇచ్చిన దేశం, పనిచేస్తోందా. మూడో గడిలో దాదాపు అంతటా ‘లేదు’ అనే ఉంది. టీకాలు దాచే ఫ్రిజ్‌కు విడిభాగం కావాలంటే ఇచ్చిన దేశం నుంచే రావాలి, ఓడ ఎప్పుడో గాని రాదు, ఈలోగా ఉప్పుగాలికి మిగతా భాగాలూ తుప్పు పడతాయి. “మీకేం కావాలని మమ్మల్ని ఎవరూ అడగలేదండీ, తమ దగ్గరున్న వాటి పట్టిక ఇచ్చి అందులోంచి ఎంచుకోమన్నారు” అని ఆమె చెప్పగానే, పక్కనున్న ఆఫ్రికా అధికారి ‘మరమ్మతు ఎవరు చేస్తారు’ అన్న నాలుగో గడి గీయించారు. ఆ రోజు నేను చెప్పాలనుకున్న పాఠం పక్కనపెట్టి అందరం ఆ గడే నింపాం.

ఆ గడిని నింపాల్సిన బాధ్యత మనకూ ఉంది. ఎగుమతి, దిగుమతులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారా ఇతర దేశాలకు మనమిచ్చే రుణాల్లో సాధారణంగా 75 శాతం సరుకులు, సేవలు భారత్ నుంచే కొనాలి. మన కంపెనీలకు పని దొరకడం నాకూ ఇష్టమే. కానీ రిబ్బను కత్తిరించిన ఫోటో వేసే పత్రికలు, అయిదేళ్ల తర్వాత ఆ యంత్రం తిరుగుతోందో లేదో చూడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. టీవీ చర్చల్లో దీన్ని దానధర్మమనో, దుబారా అనో తేల్చేస్తారు గాని, యంత్రంతోపాటు అక్కడి ఇద్దరు మెకానిక్కులకు పని నేర్పే ఖర్చు ఒప్పందంలో ఉందా అని అడిగేవారు కనిపించరు.

మీరే స్వయంగా తేల్చుకోవాలంటే, ఫిబ్రవరిలో బడ్జెట్‌తోపాటు వచ్చే విదేశాంగ శాఖ పద్దుల్లో దేశాలవారీ కేటాయింపులు ఉంటాయి. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టి, అంకె మారిన చోటల్లా ఆ ఏడాది అక్కడ ఎవరు అధికారంలోకి వచ్చారో చూడండి.