చిన్నీ, సంపాదించింది లోపలే దాచుకోకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ ముద్దుల కూతురు ఏదో బొమ్మల లోకంలో ఉద్యోగం చేస్తుందట, కోడింగ్ రాదు, డిజైనింగ్ రాదు, ఏం చేస్తుందో నువ్వే అడుగు" అంది. సెకండ్ లైఫ్ అని పేరు చెప్పగానే నాకు కాసేపు మాట రాలేదు, కంప్యూటర్లో బొమ్మ మనుషులుగా మారి తిరిగే ఆ ఆన్‌లైన్ లోకమే కదా. 2003లో మొదలైన ఆ లోకం ఇంకా నడుస్తోందని తెలుసు గానీ మన ఇంట్లోంచి ఇంకొకరు అందులోకి వెళ్తారని అనుకోలేదే. నేనూ 2007లో కొన్ని నెలలు అందులో పనిచేశా, ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వు సొంతంగా వెతుక్కుని వెళ్ళావని గర్వంగా ఉంది, భయమూ ఉంది, అందుకే కూర అలాగే వదిలేసి టైప్ చేస్తున్నా.

పని దొరుకుతుంది, దానికి బెంగ పెట్టుకోకు. అక్కడి క్లబ్బులో హోస్ట్ అంటే వచ్చినవాళ్ళని పేరు పెట్టి పలకరించడం, పాటల మధ్యలో కబుర్లు ఆగిపోకుండా చూడటం, డీజేకి టిప్ వెయ్యమని గుర్తుచెయ్యడం. షాపుల్లో కూడా మనుషులు కావాలి, అద్దెలు చూసుకునేవాళ్ళు కావాలి. నేను అప్పుడు అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని, టైపింగ్ స్పీడు తప్ప నా దగ్గర వేరే విద్యేమీ లేదు, అదే పనికొచ్చింది.

డబ్బు మాత్రం కొంచెమే. అక్కడి డబ్బుని లిండెన్ డాలర్లంటారు, మామూలుగా లిండెన్లు. ఒక అమెరికా డాలరుకి సుమారు 250 లిండెన్లు, గంటకి మూడొందల లిండెన్లు వచ్చాయంటే మంచి రోజు, అంటే మన వంద రూపాయలు. చదువు మానేసి చేసే పని కాదిది.

ఇంకోటి, రాత్రుళ్ళు మేలుకోకు. అక్కడి గడియారం కాలిఫోర్నియా టైము. క్లబ్బులకి జనం వచ్చేది వాళ్ళ సాయంత్రాలు, వాళ్ళకి సాయంత్రం ఆరైతే మనకి మర్నాడు పొద్దున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. హాయిగా పడుకుని లేచి, పళ్ళు తోముకుని, కాఫీ తాగి లాగిన్ అవ్వొచ్చు. నాకు అప్పట్లో ఆ వీలు లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకానే నెట్ ఫ్రీ, అందుకని రెండింటికి అలారం పెట్టుకుని లేచేదాన్ని, ఎనిమిదికి ఆపి ఆఫీసుకి పరిగెత్తేదాన్ని. ఒకసారి బస్సులో నిద్రపోయి అమీర్‌పేట దాటి ఎర్రగడ్డలో దిగా. నీకు ఎప్పుడు చూసినా కళ్ళ కింద నలుపే, ఏం తింటున్నావో ఏంటో.

ఇప్పుడు అసలు మాట. మీ తాతయ్య రిటైరైన డబ్బులో సగం ఒక కోఆపరేటివ్ బ్యాంకులో వేశారు, వడ్డీ ఒక్క రూపాయి ఎక్కువ ఇస్తామన్నారని. అది మూతపడ్డ రోజు ఆయనతో పాటు షట్టర్ ముందు లైన్లో నేనూ ఉన్నా. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు, చేతిలో పాస్‌బుక్కు తిప్పి తిప్పి చూసుకుంటూ నిలబడ్డారు. అది కళ్ళారా చూసినదాన్ని, ఐదేళ్ళు తిరక్కుండానే అదే పని చేశా చిన్నీ.

2006లో ఆన్షే చుంగ్ అనే అవతార్ (అక్కడి బొమ్మ మనిషి) పేరున్న ఒకావిడ ఆ లోకంలో భూములు కొని అమ్మి మిలియన్ డాలర్ల ఆస్తి చేసిందని పత్రికలన్నీ రాశాయి, బిజినెస్‌వీక్ కవర్ మీద కూడా వేశారు. అది చదివాకే నేను వెళ్ళింది. నీకప్పుడు మూడేళ్ళు, నీ చెవులు కుట్టించేటప్పుడు కమ్మలు నేనే పెట్టాలని, అదీ నా సొంత డబ్బుతో పెట్టాలని నా పట్టుదల. టిప్పు మీద టిప్పు కూడబెట్టి నలభై వేల లిండెన్లు చేశా, అప్పటి లెక్కలో ఆరువేల రూపాయలు, తులం బంగారం పదివేల లోపే ఉండేది. బయటికి తియ్యకుండా ఆ లోకంలోనే ఎవరో పెట్టిన ఒక బ్యాంకులో వేశా. గోడకి ఏటీఎం బొమ్మ ఉండేది, రోజూ వడ్డీ పడేది, ఏడాదికి నలభై శాతం పైన. రోజూ లాగిన్ అవ్వగానే ఆ అంకె చూసుకోవడమే. జులైలో అక్కడ జూదం ఆపేశారు, జనం ఒక్కసారిగా డబ్బు కోసం ఎగబడ్డారు, ఏటీఎం రోజుకి కొంచెమే ఇస్తానంది, తర్వాత అదీ ఆగిపోయింది. నేను ఆ గోడ ముందు నిలబడి ఉన్నా, చుట్టూ రెక్కలున్నవాళ్ళు, తోకలున్నవాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటున్నారు, నాకు మాత్రం మీ తాతయ్య చేతిలో పాస్‌బుక్కే కనిపించింది. 2008 జనవరిలో లైసెన్సు లేని బ్యాంకులు ఉండకూడదని ఆ లోకాన్ని నడిపే కంపెనీ లిండెన్ ల్యాబ్ రూలు పెట్టింది, అప్పటికే నాది పోయింది. నీ కమ్మలు మీ నాయనమ్మ పెట్టింది. ఫంక్షన్‌లో నేను వంటింట్లోంచి బయటికి రాలేదు, మీ అమ్మ ఇప్పటికీ నాకు ఆ రోజు జ్వరం అనుకుంటుంది.

అందుకే చెప్తున్నా, లిండెన్ డాలరు నిజం డబ్బు కాదని వాళ్ళ షరతుల్లోనే రాసుంది, చదువు. కొంచెం పోగవ్వగానే లిండెక్స్‌లో, అంటే లిండెన్లు కొని అమ్మే వాళ్ళ మార్కెట్లో, అమ్మి డాలర్లు చేసుకో, అక్కడ్నుంచి పేపాల్‌కి, పేపాల్ నుంచి నీ బ్యాంకుకి. ఫీజులు పోతాయి, పోనీ. పేపాల్ వాళ్ళు పాన్, బ్యాంకు వివరాలు, డబ్బు దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు, పేరు పాన్ మీద ఉన్నట్టే ఇవ్వు. భూమి అద్దెకి తీసుకుంటే నెలకి మించి అడ్వాన్స్ ఇవ్వకు. గిఫ్ట్ అని లింకు పంపితే నొక్కకు.

ఇంకా, క్లబ్బు పని అని పిలిచి ఒంటరిగా ఇంకోచోటికి రమ్మని, ఎక్కువ ఇస్తామని అడిగేవాళ్ళుంటారు. అసలు ఫోటో, వాట్సాప్ నంబరు అడుగుతారు. అప్పట్లో నన్నూ ఫోటో అడిగారు. సమాధానం ఇవ్వకుండా బ్లాక్ చెయ్యి, మొహమాటపడకు, నీకు మొహమాటం ఎక్కువ, అది నాకు తెలుసు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని వనస్థలిపురం రా, ఇద్దరం కూర్చుని పేపాల్ తెరుద్దాం. పెసరట్టుకి నానబెడతా. మీ అమ్మకి నా సంగతి నేనే చెప్పుకుంటా, నువ్వు ముందే అనకు. మొదటిసారి డబ్బు బ్యాంకులో పడ్డట్టు మెసేజ్ వస్తుంది కదా, పది డాలర్లే అవ్వనీ, అది నాకు పంపు.

పిన్ని